కథ యాడిది, పుస్తకం ఎట్ల వేసినవ్? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో రాసుకుంటూ, రాసింది సొంత ఖర్చుతో అచ్చేసుకునే వాళ్లం కొందరం ఉన్నాం. బడి సార్లు, రైస్ మిల్లు గుమస్తాలు, అంగన్‌వాడీ టీచర్లు, ఎవుసం చేసేవాళ్లు. సభల్లో, కాలేజీల్లో, బస్సుల్లో, పెళ్లి భోజనాల దగ్గర మమ్మల్ని అడిగే ప్రశ్నలు కాస్త అటూ ఇటూగా అవే. జవాబులు చాలావరకు నావి. మిగతా వాళ్లను అడిగి రాసినవీ ఉన్నాయి, పేర్లు వద్దన్నారు కాబట్టి పెట్టలేదు. నేను రాసేది కథలు. కవిత్వం గురించి నన్నడిగితే మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాను, అందుకే ఆ ప్రశ్నల జోలికి పోలేదు.

మీకు కథలు ఎక్కడి నుంచి వస్తాయి?

అడిగేవాళ్లకు ఒక గొప్ప క్షణం గురించి వినాలని ఉంటుంది. వాన కురుస్తుంటే కిటికీ పక్కన కూర్చున్నాను, అప్పుడు తట్టింది, అని చెప్తే సంతోషపడతారు. దేవరకొండ వైపు ఆ ఏర్పాటు కుదరదు, వానే తక్కువ.

నా మటుకు కథ ఎవరో ఒకరి పని దగ్గర మొదలవుతుంది. మనిషిని కష్టం చెప్పమంటే అందరూ ఒకేలా చెప్తారు: "ఏం జెప్పాలె సారూ, గిట్లనే నడుస్తుంది." అదే మనిషిని పని ఎట్ల చేస్తవో చెప్పమనండి, చేతులు కదుపుతూ గంటసేపు చెప్తారు. ఆ గంటలో అప్పు, కోపం, పెద్దకొడుకు వేరుపడ్డ సంగతి, అన్నీ వాటంతటవే బయటికొస్తాయి.

పోచంపల్లి, పుట్టపాక, ఆలేరు చుట్టుపక్కల చేనేత ఇళ్లల్లో ఆసు పోయడం చూసే ఉంటారు. వరసగా గుచ్చిన పుల్లల చుట్టూ నూలును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు కదలాలి, ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి అందరికీ తెలుసు. నాకు ఇందులో పనికొచ్చేది వేరే. ఆయన ‘చేనేత సంక్షోభం’ అనే పెద్దమాట దగ్గర మొదలుపెట్టలేదు. ఒక మనిషి భుజం దగ్గర మొదలుపెట్టాడు. కథ రాసేవాడు కూడా అక్కడే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఇంకో ఉదాహరణ. కురుమూర్తి జాతరకు పోతే అందరూ జనాన్ని చూసి వస్తారు, రథం ఫొటో తీసుకుంటారు. స్వామికి ఊరేగింపుగా తెచ్చే ఉద్దాలను, అంటే స్వామి పాదరక్షలను, వడ్డెమాన్‌లో దళితులు తయారుచేస్తారు. ఆ చెప్పులు కుట్టే రోజుల్లో ఆ ఇంట్లో ఎవరు ఏం తినరు, తోలు ఎట్ల వస్తుంది, ఊరేగింపులో ఉద్దాల పక్కన ఎవరు నడుస్తారు, గుడి దగ్గరికి వచ్చాక ఎవరు ఎక్కడ ఆగుతారు. ఇవన్నీ అడిగి తెలుసుకుంటే నవలకు సరిపోతుంది. జాతర గురించి రాద్దామని వచ్చినవాడు మాత్రం మూడు పేజీల వ్యాసంతో తిరిగిపోతాడు.

కరువు, వలస, ఫ్లోరైడ్. ఇవి తప్ప మీ జిల్లాల వాళ్లకు వేరే కథలు లేవా?

ఈ ప్రశ్నలో ఎత్తిపొడుపు ఉంది, కానీ అడగాల్సిన ప్రశ్నే.

మేం రాసిన వలస కథల్లో చాలావాటికి ఒకటే నడక: వాన లేదు, బాయి ఎండింది, మూట కట్టారు, బస్సెక్కారు, ముసలమ్మ ఇంటి ముందు నిలబడింది. అవి అబద్ధాలేం కావు. కానీ ఆ నడక ఇప్పటికి ఎన్నోసార్లు అయిపోయింది. పాలమూరు కూలీలు దేశమంతా కట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పేస్తే పాఠకుడు తలూపి పేజీ తిప్పేస్తాడు. గుంపు మేస్త్రి అడ్వాన్స్ ఎప్పుడు ఇస్తాడు, ఎవరి చేతికి ఇస్తాడు, మొగుడి చేతికా పెళ్లాం చేతికా, ఆ డబ్బు మొదట ఏ బాకీకి పోతుంది, మధ్యలో మనిషికి జబ్బు చేస్తే ఆ అడ్వాన్స్ ఎవరి మీద పడుతుంది. ఇక్కడికి వచ్చేసరికి పాఠకుడు ఆగుతాడు. ఎందుకంటే ఇది అతనికి తెలియదు, లేదా మరీ బాగా తెలుసు.

పైగా కాలం మారింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీళ్లు వచ్చిన ఊళ్లల్లో వరి పెరిగింది. నాట్లకు బీహార్ నుంచి, బెంగాల్ నుంచి కూలీలు గుంపులుగా వస్తున్నారు. ఒకప్పుడు ఊరి జనాన్ని పుణెకు, ముంబైకి తోలుకుపోయిన మేస్త్రి కొడుకు ఇప్పుడు ఆ బీహార్ గుంపుతో రేటు మాట్లాడుతున్నాడనుకోండి. తండ్రి అరుగు మీద కూర్చుని ఆ బేరం వింటున్నాడు. వలస కథ రాయాలంటే నేనైతే ఇది రాస్తాను.

ఫ్లోరైడ్ సంగతీ అంతే. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని లెక్క. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోర్లలో ఆ గీత దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగారు. వంగిన ఎముకల ఫొటోలు దేశమంతా చూసింది. ఆ ఫొటోనే మళ్లీ మాటల్లో దించితే కథ కాదు. ఆ ఊరికి పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు ఇంట్లో మంచినీళ్లు తాగారా, తాగినట్టు నటించారా? నేను ఆ గ్లాసు మీద ఒక కథ రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు నా మిగతా కథలన్నింటికీ కలిపినా రాలేదు.

ఇక ‘వేరే కథలు లేవా’ అంటే, ఎందుకు లేవు. చౌటుప్పల్ దారి పొడుగునా ప్లాట్ల వెంచర్లు, అమ్ముకున్న పొలంలోనే వాచ్‌మన్‌గా చేరిన మనిషి. మిర్యాలగూడ మిల్లుల హమాలీలు. జడ్చర్ల పక్క మందుల కంపెనీలకు పోయే అమ్మాయిల షేర్ ఆటో. కొల్లాపూర్ మామిడి తోటల్లో గుత్త పట్టేవాళ్ల లెక్కలు. ఎవరూ రాయట్లేదని కాదు, తక్కువ రాస్తున్నాం. ఇవి రాస్తే సభలో చప్పట్లు తక్కువ పడతాయి, అదొక కారణం.

రాయాలనిపించనప్పుడు ఏం చేస్తారు?

రాయను. పాత నోట్‌బుక్కులో ఏం రాసుకున్నానో చదువుతాను. నోట్‌బుక్కులో భావాలు ఉండవు. ఎవరన్నారు, ఏ మాటన్నారు, దాని ధర ఎంత, ఆ పనిముట్టును ఏమంటారు, ఇంతే.

రోజూ రాస్తారా? ఏ టైములో?

అందరికీ ఒకే టైము కుదరదు. నేను బడికి బస్సులో పోతూ వస్తూ ఆలోచించుకుని, రాత్రి భోజనం ముందు రాస్తాను. భోజనం తర్వాత నావల్ల కాదు. మాలో అంగన్‌వాడీ టీచర్ ఒకామె మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక హాజరు రిజిస్టర్ కింద పెట్టుకుని రాస్తుంది. మిర్యాలగూడ గుమస్తా అన్న వానాకాలం వడ్లు మిల్లుకు వచ్చే రోజుల్లో ఒక్క అక్షరం ముట్టడు, ఎండాకాలంలో మొత్తం రాస్తాడు. ఆయన కథల్లో ఎండ ఎక్కువగా ఉండటానికి అదే కారణమని మేం ఏడిపిస్తుంటాం.

అన్నింటికన్నా నాకు నచ్చిన జవాబు అచ్చంపేట వైపు రైతు ఒకాయనది. "రాత్రి కరెంటు కోసం బాయి కాడ కూసున్నప్పుడు రాసిన సారూ. ఇరవై నాలుగ్గంటల కరెంటొచ్చినంక నవల ఆగింది." 2018 జనవరి నుంచి వ్యవసాయానికి రోజంతా కరెంటు ఇస్తున్నారు కదా. ఆయన నవల అక్కడిదక్కడే ఉంది.

చేత్తో రాస్తారా, ఫోన్‌లోనా?

మొదటిసారి చేత్తో, రెండోసారి ఫోన్‌లో. ఫోన్‌లో నోటితో చెప్తే టైపయ్యే సౌకర్యం ఇప్పుడు బాగానే పనిచేస్తుంది, వేళ్లు నొప్పిపెట్టే పెద్దవాళ్లకు మంచిది. కానీ అది మన మాటను దిద్దుతుంది. "పోతున్న" అంటే "పోతున్నా" అని, "ఏడికి" అంటే ఇంకేదో అని పడుతుంది. సంభాషణలు మాత్రం చేత్తోనే కొట్టుకోవాలి.

యాసలోనే రాయాలా? మొత్తం యాసలో రాస్తే బయటివాళ్లకు అర్థం కాదేమో?

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: ఏ యాస? నల్లగొండ యాస అని ఒకటే లేదు. హుజూర్‌నగర్, కోదాడ వైపు కృష్ణ అవతలి గాలి తగులుతుంది. దేవరకొండ తండాల్లో ఇంట్లో లంబాడీ, సంతలో తెలుగు. గద్వాల, అలంపూర్ మధ్య నడిగడ్డ, అంటే కృష్ణకూ తుంగభద్రకూ మధ్య నేల, అక్కడి మాటలో కర్నూలు, రాయచూరు రెండూ వినపడతాయి. మక్తల్, నారాయణపేటల్లో కన్నడం కలుస్తుంది. పాత నల్లగొండ గల్లీల్లో తెలుగు, దక్కనీ ఉర్దూ ఒకే వాక్యంలో ఉంటాయి. ఇవన్నీ కలిపి ‘తెలంగాణ యాస’ అని ఒక సినిమా భాష తయారైంది. ప్రతి మాటకూ ‘గా’ తగిలించి, ‘గిట్ల, గట్ల’ చల్లేస్తే అయిపోయిందనుకునేవాళ్లు పెరిగారు. ఆ మనిషి ఏ మండలంవాడో చెప్పలేకపోతే ఆ సంభాషణ నాకు పనికిరాదు.

నేను చేసేది ఇది. కథ చెప్పే గొంతు ఎవరిదో ముందే తేల్చుకుంటాను. అది ఊరిమనిషిదైతే మొదటి వాక్యం నుంచి చివరి దాకా ఆ మనిషి మాటే ఉండాలి, మధ్యలో "పర్యవసానంగా" లాంటివి దూరకూడదు. కథ చెప్పేది నేనైతే మామూలు తెలుగులో చెప్తాను, మనుషులు మాత్రం వాళ్ల మాట వాళ్లు మాట్లాడతారు. క్రియల చివర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటాను. ఒకే పాత్ర ఒక పేజీలో "వచ్చిండు", ఇంకో పేజీలో "వచ్చాడు" అంటే చదివేవాళ్లకు రాయి తగిలినట్టే. రాశాక ఆ ప్రాంతం మనిషి ఒకరికి ఫోన్‌లో చదివి వినిపిస్తాను. నడిగడ్డ కథ ఒకటి అలా వినిపిస్తే అవతలి అక్క నవ్వింది: "మా దిక్కు గట్లనరు సారూ, నువ్వు దేవరకొండోళ్లను గద్వాలకు తోలుకొచ్చినవ్."

అర్థం కాదేమో అన్న భయం అక్కర్లేదు. పాఠకుడు మాట తెలియకపోయినా సందర్భం పట్టుకుంటాడు. పుస్తకం వెనక అర్థాల పట్టిక పెట్టడం నాకు ఇష్టం లేదు. పెట్టేవాళ్లను తప్పుపట్టను.

ఈ జవాబులెందుకు యాసలో లేవని ఒకరిద్దరు అడిగారు. సభల్లో ఎలా మాట్లాడతానో అలా రాశాను. ఇంట్లో మాట కథలకు దాచుకున్నాను.

ఊళ్లోవాళ్ల గురించి రాస్తే గొడవలు కావా?

అవుతాయి. పేరు మారిస్తే చాలనుకోవడం పట్నం ఆలోచన. ఊళ్లో మనిషిని పేరుతో కాదు, పనితో, ఇంటి జాగాతో, తండ్రితో గుర్తుపడతారు. "రావిచెట్టు కాడి కుంటి మేస్త్రి" అని రాసి పేరు వెంకటయ్య అని పెట్టినా, ఎల్లయ్య అని పెట్టినా ఊరంతటికీ తెలిసిపోతుంది. ఇంటిపేరు పెట్టామంటే కులం కూడా తెలిసిపోతుంది, అప్పుడు గొడవ ఒక ఇంటిది కాకుండా వాడకు పాకుతుంది. నేను పాత్రలకు ఇంటిపేర్లు పెట్టను, కథకు తప్పనిసరి అయితే తప్ప.

ఊరు మార్చడం, ఇద్దరి జీవితాలను ఒకరిగా కలపడం, జరిగిన ఏడాది జరపడం మామూలు పద్ధతులు. అన్నీ చేసినా ఆ మనిషి చదివితే తనని తాను గుర్తుపడతాడు. కాబట్టి ఆ మనిషి బతికుంటే, కథ అతని గుట్టును బయటపెట్టేదైతే, అచ్చుకు ముందే పోయి చదివి వినిపించాలి. వద్దంటే వేయకూడదు. ఇది చట్టం కోసం చెప్పట్లేదు. రేపు అదే వీధిలోంచి బడికి పోవాలి కదా.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. మా వాడకట్టు అవ్వ ఒకామె కథ విని, పేరు మార్చానని తెలిసి కోపం చేసింది. "నా పేరే పెట్టు బిడ్డా. నేనేం దొంగతనం చేసిన్నా?" పెట్టాను.

పాత కాలం కథలు రాసేటప్పుడు నిజమేదో ఎట్ల తేల్చుకుంటారు?

మా జిల్లాల్లో పెద్దమనుషులను కదిలిస్తే రెండు సంగతులు వస్తాయి: రజాకార్ల కాలం, సాగర్ కట్ట కట్టిన కాలం. రెండింటినీ జాగ్రత్తగా పట్టుకోవాలి.

దొరల మీద, నిజాం మీద రైతుల సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా నడిచింది. 1946 జూలై 4న కడవెండిలో ఆ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య చనిపోయాడు. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు జనగామ. 1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ రాజ్యం లొంగిపోయింది. ఆ తర్వాత ఊళ్లల్లో తిరిగింది సైన్యం, పోలీసులు. కానీ ముసలివాళ్లు చెప్పేటప్పుడు ఐదేళ్లనూ కలిపి ‘రజాకార్ల కాలం’ అంటారు. ఇల్లు కాలబెట్టింది ఎవరు అన్న ప్రశ్నకు జవాబు మారిపోయేది అక్కడే. వాళ్లను తేదీ అడగొద్దు. ఆ ఏడు ఏ పంట ఉంది, ఏ పండుగ దగ్గర్లో ఉంది, అప్పటికి ఎవరు పుట్టారు, ఎవరి పెళ్లయింది, ఇవి అడగాలి. తేదీ మనమే పట్టుకోవచ్చు.

పాత కాగితాలు దొరికితే చూడండి. నిజాం కాలం దస్తావేజుల మీద ఫసలీ, అంటే అప్పటి రెవెన్యూ లెక్కల సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం సుమారుగా వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947-48. సేత్వార్ (మొదటి భూమి సర్వే రికార్డు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన రికార్డు) చూస్తే భూమి ఎవరి పేరు మీది నుంచి ఎవరి పేరు మీదికి పోయిందో తెలుస్తుంది. కథకు అంతకన్నా మంచి విత్తనం నేను చూడలేదు. డబ్బు రాసేటప్పుడు అప్పటి నాణెం హాలీ సిక్క అని మర్చిపోవద్దు. అది 1959 దాకా చెలామణీలో ఉంది. 1947 నల్లగొండ సంతలో కథానాయకుడు 1957లో గానీ రాని నయాపైసలు లెక్కబెట్టిన కథ ఒకటి చదివాను, అక్కడే పుస్తకం మూసేశాను.

సాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మధ్యలో నాగార్జునకొండ లోయ మునిగింది. బౌద్ధ శిథిలాలను పైకి తరలించిన సంగతి అందరూ రాస్తారు. లోయలోని మనుషులను తరలించిన సంగతి రాసేవాళ్లు ఇంకా కావాలి.

ఇంకొకటి, చిన్నదే కానీ చాలామంది పట్టించుకోరు. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాయి, నారాయణపేట 2019లో వచ్చింది. 2010లో జరిగే కథలో మనిషి ‘వనపర్తి కలెక్టరాఫీసు’కు పోడు, మహబూబ్‌నగర్‌కే పోవాలి. ఆ బస్సు ప్రయాణం కథలో ఉండాలి.

ఊరూరా తిరిగి పాలమూరు స్థల చరిత్రలు, గుళ్లు, పలుకుబళ్లు సేకరించిన కపిలవాయి లింగమూర్తి గారి పుస్తకాలు మీ జిల్లా గ్రంథాలయంలో దొరికితే వదలొద్దు.

ఎన్నిసార్లు తిరగరాస్తారు? ఎడిటర్ ఉంటారా?

సొంతంగా వేసుకునేవాళ్లకు ఉన్న అసలు ఇబ్బంది ఇదే, డబ్బు కాదు. పత్రికకు పంపితే తిప్పి పంపే మనిషి ఒకరుంటారు. సొంత పుస్తకానికి వద్దనే మనిషి లేడు. ప్రెస్‌వాళ్లు ఏది ఇచ్చినా వేస్తారు, అది వాళ్ల వ్యాపారం. స్నేహితులు "బాగుందన్నా" అంటారు. దాంతో పది మంచి కథలున్న మనిషి పదహారు కథల పుస్తకం వేస్తాడు, ఆ ఆరు కథలు పదింటినీ ముంచేస్తాయి.

అందుకే వద్దనే మనిషిని మనమే వెతుక్కోవాలి. నాకు ఇద్దరున్నారు. ఒకరు కథలు బాగా చదివినవారు, ఇంకొకరు కథలు అసలు చదవని మనిషి, కానీ నేను రాసే పని తెలిసినవారు. గొర్ల కథ రాస్తే గొర్లు కాసిన మనిషికి వినిపిస్తాను. "ఆ నెలల గొర్లు ఈనవు" అన్నాడంటే కథ కాలమే మారాలి. సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఒక కుర్రాడి కథలో వరసగా రెండేళ్లు వచ్చింది. సూర్యాపేట పాఠకుడు దాన్ని ఒక్క నిమిషంలో పట్టేస్తాడు.

కొట్టేయడం గురించి ఒక చిట్కా. పైకి చదవండి. ఎక్కడ గొంతు సభలో మాట్లాడినట్టు మారుతుందో అక్కడ గీత పెట్టండి. మామూలుగా అది మొదటి పేరా, చివరి పేరా అవుతాయి. రెండూ తీసేసినా కథకు ఏమీ కాదు.

ముందుమాటల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నూరు పేజీల పుస్తకానికి నాలుగు ముందుమాటలు, అభినందనలు, ఆశీస్సులు, పైన ‘నా మాట’. ముందుమాట కోసం పెద్దవాళ్ల ఇంటి చుట్టూ తిరిగే ఓపికలో సగం పెట్టి, రాతప్రతి దిద్దమని ఒకరిని అడిగి, వాళ్ల శ్రమకు డబ్బులిస్తే మన పుస్తకాలు ఇంకో తీరుగా ఉండేవి.

ప్రచురణ సంస్థకు ఇవ్వకుండా సొంతంగా ఎందుకు?

కథల పుస్తకం, అందులోనూ కొత్త పేరు, అమ్ముడుపోదని వాళ్లకు తెలుసు. వాళ్ల తప్పేం లేదు. మనం సొంతంగా వేస్తే ఎన్ని ప్రతులు, ఏ బొమ్మ, ఏ ధర, ఎప్పుడు, అంతా మన ఇష్టం. ఇది కొత్త పద్ధతి కూడా కాదు. 1922లోనే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఎవరో వచ్చి అచ్చేస్తారని కూర్చుంటే అవి వచ్చేవి కావు.

ఖర్చెంత అవుతుంది?

రేట్లు ఏటేటా మారతాయి, అంకె చెప్తే రేపటికి తప్పవుతుంది. లెక్క ఎలా వేస్తారో చెప్తాను. మన కథల పుస్తకాలు ఎక్కువగా డెమీ 1/8 సైజు. పదహారు పేజీలు ఒక ఫారం. మీ పుస్తకం 130 పేజీలొస్తే ఎనిమిది ఫారాలు దాటి రెండు పేజీలు మిగులుతాయి, ఆ రెండింటికీ దండగ. 128కి కుదించండి, ఆ అభినందనల పేజీ తీసేస్తే సరిపోతుంది. లోపల 70 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క, అంకె పెరిగితే మందం) కాగితం, అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, పైన మ్యాట్ లామినేషన్ చాలు. ఆఫ్‌సెట్‌లో ప్రతులు పెరిగేకొద్దీ ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది, అందుకే ప్రెస్‌వాళ్లు వెయ్యి వేయమంటారు. వెయ్యి ప్రతులు మంచం కింద పట్టవు. డిజిటల్ ప్రెస్‌లో నూరు, రెండు నూర్లు వేయించుకుని, అయిపోతే మళ్లీ వేయించుకోవడమే నయం.

డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చేచోటు) దగ్గర ఇచ్చాక అక్షరాలు ఎందుకు చెదిరిపోతాయి?

మీరు ఫోన్‌లో కొట్టింది యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్లే నడుస్తున్నాయి, అవి యూనికోడ్ కావు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు వత్తులు, పొల్లులు తారుమారవుతాయి. మార్చినాక మొత్తం ప్రూఫ్ మళ్లీ చదవాల్సిందే, కాగితం మీద. యాస మాటలను ఆపరేటర్ తప్పులనుకుని దిద్దేస్తాడు కూడా, ముందే చెప్పి పెట్టాలి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పనిచేసేవాళ్లు దొరికితే ఈ గొడవ సగం తప్పుతుంది. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. కథ లోపలికి మాత్రం అలంకారంగా ఉండేవి వాడొద్దు.

ఐఎస్‌బీఎన్, కాపీరైట్ తప్పనిసరా?

ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకాన్ని గుర్తించే నంబరు, అది ఉచితం. రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో రచయిత తనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి డబ్బులడిగే మధ్యవర్తులను నమ్మొద్దు. కాపీరైట్ మీరు రాసిన క్షణం నుంచి మీదే, మీ తర్వాత అరవై ఏళ్లు ఉంటుంది. రిజిస్టర్ చేయించుకుంటే కోర్టులో రుజువుకు పనికొస్తుంది, తప్పనిసరి కాదు. 1954 చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. ఎవరూ పంపరు. పంపండి, ఇల్లు మారినప్పుడు మన దగ్గర పోయినా అక్కడ ఉంటుంది.

పుస్తకాలు ఎట్ల అమ్ముతారు?

ఆవిష్కరణ సభలో అమ్ముడుపోయేవి చాలా తక్కువ. వచ్చినవాళ్లలో సగం మంది రచయితలే, వాళ్లకు ఉచితంగా ఇవ్వాలి, వాళ్లు మీకు వాళ్లది ఇస్తారు. శాలువాలు మాత్రం మిగులుతాయి. నేను రెండో పుస్తకానికి సభ పెట్టలేదు. కథలో ఉన్న ఊళ్లల్లోనే, బడిలోనో రచ్చకట్ట దగ్గరో ఒక కథ చదివాను. పుస్తకం కొనని మనిషి కూడా తన ఊరి పేరు అచ్చులో ఉందంటే కొంటాడు. జేబులో ఫోన్‌పే ఉన్న కాలం కాబట్టి చిల్లర గొడవ లేదు.

హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఏటా జరుగుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఎవరి స్టాల్‌లోనైనా ఒక మూల పెట్టించుకోవచ్చు. పోస్టులో పంపడానికి 2025 మేలో పుస్తకాల కోసం తక్కువ రేటు సేవ జ్ఞాన పోస్ట్ వచ్చింది, 300 గ్రాములకు 20 రూపాయల నుంచి 5 కిలోలకు 100 దాకా. మీ పుస్తకం దాని కిందికి వస్తుందా అన్నది పోస్టాఫీసులో అడిగి చూసుకోవాలి. గ్రంథాలయాలను వదలొద్దు. మనం కట్టే ఆస్తిపన్నులో గ్రంథాలయ పన్ను 8 శాతం ఉంది, ఆ అలమారాల్లో మన పుస్తకం ఉండాలని అడిగే హక్కు మనకుంది. కొనకపోయినా రెండు ప్రతులు ఇచ్చి రండి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో ఆ రీడింగ్ రూములు నిండి ఉంటాయి, చదివి చదివి విసుగొచ్చినప్పుడు వాళ్లే తీసి చూస్తారు.

డబ్బులు వస్తాయా?

అచ్చు ఖర్చు వెనక్కి వస్తే మేం పార్టీ చేసుకుంటాం.

ఏఐతో రాయిస్తే తప్పా?

తప్పొప్పులు మీ ఇష్టం. నేను అడిగి చూశాను. పాలమూరు మీద కథ రాయమంటే ఎండిన బాయి, మూట, బస్సు, గుమ్మంలో ముసలమ్మ వచ్చాయి. మనం ఇన్నాళ్లూ రాసిందే అది నేర్చుకుంది.

నా రాతప్రతి పంపితే చదివి చెప్తారా?

ఒక్క కథ పంపండి, నవల వద్దు. ఏ చోట మీకే అనుమానం ఉందో ముందే రాయండి, అక్కడ ఎక్కువ సేపు ఆగుతాను. పదో తరగతి పరీక్షల నెలల్లో జవాబు రాదు. ముందుమాట రాయను. చేత్తో రాసిందైనా పర్లేదు, అక్షరాలు కనపడాలి. పేజీకొక ఫొటో తీసి వాట్సాప్‌లో వరస తప్పి మాత్రం పంపకండి.